పిసినారి అనే ముందు ఒక్క ప్రశ్న
(పదకొండవ తరగతి విద్యార్థిని)

బదిలీ ఉద్యోగాల ఇళ్ళలో పెరిగే మనకు ఒక విద్య బాగా వచ్చు. కొత్త ఊరికి వెళ్ళిన పదిహేను రోజుల్లో అక్కడి భాషలో వెక్కిరింతలన్నీ నేర్చేసుకుంటాం. అక్షరాలు రావడానికి ఏడాది పట్టొచ్చు గానీ, వెక్కిరింతలకు ఆటస్థలం చాలు.

నా సంగతే చూడండి. పిసినారి, పీనాసి, పిసినిగొట్టు అనే మాటలు శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్ళో అమ్మమ్మ దగ్గర విన్నాను. నాన్నకు జబల్‌పూర్ బదిలీ అయ్యాక కంజూస్, మక్ఖీచూస్ వచ్చాయి. బెంగళూరులో జిపుణ అన్నారు. చెన్నైలో కంజన్ అన్నారు. మా పక్క క్వార్టర్‌లో ఉండే బెంగాలీ ఆంటీ కిప్టే అనేది. డబ్బు ఖర్చు పెట్టని మనిషి ఒక్కడే, పేర్లు మాత్రం ఊరికొకటి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంగ్లీషు ఒక ఎత్తు. ఆ భాషలో ఇలాంటి మాటలు కుప్పలుగా ఉన్నాయి. వాటిని పోగేసిన ఘనత నాదే. ఆ మాటలతో ఒక మనిషిని బాధపెట్టిన తప్పు కూడా నాదే. ఆ రెండూ చెప్పి, చివర నా అభిప్రాయం చెప్తాను. ఇది ఈ బడిలో జరిగింది కాదు. దయచేసి ఎవరినీ వెతకొద్దు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. జూలై నెలాఖరులో కొత్త బడిలో చేరాను. అప్పటికే నాలుగు సబ్జెక్టుల్లో చాలా పాఠాలు అయిపోయాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు నోట్సు ఎవరిస్తారు? అందరూ రేపిస్తాం అంటారు, ఆ రేపు రాదు. మీకూ తెలుసు కదా. మా తరగతిలో ఒక అబ్బాయి మాత్రం అడగకుండానే తన నోటుపుస్తకాలు నాలుగూ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఎన్ని రోజులైనా ఉంచుకో, పరీక్షకు ముందు ఇస్తే చాలు అన్నాడు. లెక్కల్లో నాకు అర్థంకాని చోట్ల భోజన విరామంలో కూర్చుని చెప్పేవాడు. ఒక్క నాకే కాదు, ఎవరడిగినా చెప్పేవాడు.

అదే అబ్బాయి డబ్బు దగ్గర మాత్రం చాలా గట్టి. పాత నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు చించి, దారంతో కుట్టి, రఫ్ బుక్ చేసుకునేవాడు. పెన్సిల్ వేళ్ళకు అందనంత చిన్నదైతే పాత పెన్ను గొట్టంలో దూర్చి రాసేవాడు. బడి ముందు సమోసాల బండి దగ్గర ఎప్పుడూ ఆగేవాడు కాదు. తరగతిలో ఎవరి పుట్టినరోజుకు డబ్బు పోగుచేసినా ఇవ్వలేనని చెప్పేవాడు. సంకోచంగా కాదు, మామూలుగా చెప్పేవాడు. అదే మాకు కోపం తెప్పించేదేమో.

డిసెంబరులో మా ఇంగ్లీషు టీచర్ మాకు చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’ కథ చెప్పారు. 1843లో వచ్చిన ఆ చిన్న పుస్తకంలో ఎబినీజర్ స్క్రూజ్ అనే పరమ లోభి ఉంటాడు. ఆ కథ ఎంత పేరు పొందిందంటే, స్క్రూజ్ అనే పేరే ఇంగ్లీషులో పిసినారికి మారుపేరైపోయింది. ఇప్పుడు నిఘంటువుల్లో అది మామూలు మాటలాగే ఉంటుంది. ఇలాంటి మాటలు ఇంకేమున్నాయో వెతికి తెమ్మని టీచర్ అన్నారు. నేను లైబ్రరీలో కూర్చుని పెద్ద పట్టికే తయారుచేశాను. అవి నిజంగా సరదా మాటలు. మీకూ చెప్తాను.

మైజర్ అనేది అందరికీ తెలిసిన మాట. లాటిన్ భాషలో ఆ మాటకు అర్థం దీనుడు, దుఃఖంలో ఉన్నవాడు అని. మిజరీ, మిజరబుల్ అనే మాటలు కూడా అక్కడివే. అంటే ఇంగ్లీషు వాళ్ళు పిసినారిని మొదట జాలిపడాల్సినవాడుగా చూశారన్నమాట.

స్కిన్‌ఫ్లింట్ మూడు వందల ఏళ్ళ కిందటి వాడుక మాట. ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. ఆ రాయికి కూడా తోలు ఒలిచి దాచుకోగల మనిషి అని దాని భావం. పెన్నీ పించర్ అంటే పైసాను వేళ్ళ మధ్య గట్టిగా నొక్కి పట్టుకునేవాడు. టైట్‌ఫిస్టెడ్ అంటే పిడికిలి విప్పనివాడు. టైట్‌వాడ్ సుమారు 1900 నాటి అమెరికా మాట. వాడ్ అంటే నోట్ల చుట్ట. దాన్ని వదులు కానివ్వకుండా బిగించి ఉంచేవాడు టైట్‌వాడ్. చీప్‌స్కేట్ కూడా అమెరికాదే, పంతొమ్మిదో శతాబ్దం చివర పుట్టింది. అందులోని స్కేట్‌కీ, కాళ్ళకు కట్టుకుని జారే స్కేట్లకూ సంబంధం లేదు. అక్కడ అది పనికిమాలిన మనిషిని అనే పాత మాట. ఇంకో హాస్యం ఉంది. ఫలానా వాడి జేబులు లోతు, చేతులు పొట్టి అంటారు. డబ్బు ఉంది కానీ చెయ్యి అక్కడిదాకా వెళ్ళదు అని.

మీన్ అనే మాటతో ఇంకా తమాషా. బ్రిటన్‌లో మీన్ అంటే పిసినారి. అమెరికాలో ఎక్కువగా దుర్మార్గంగా మాట్లాడేవాణ్ణి అలా అంటారు. మన లెక్కల పుస్తకంలో అది సగటు. చీప్ అనే మాట కూడా అంతే. అమెరికాలో ఒక మనిషిని చీప్ అంటే చెయ్యి విదల్చనివాడు అని. మనం ఆ మాటను ఎక్కువగా లేకి మనిషి అనే అర్థంలో వాడతాం.

ఈ పట్టిక చదివినప్పుడు తరగతంతా నవ్వింది. టీచర్ మెచ్చుకున్నారు. అంతవరకు బాగానే ఉంది.

ఆ వారంలోనే కొత్త సంవత్సరం పార్టీకి తలా నూట యాభై రూపాయలు అడిగారు. ఆ అబ్బాయి ఎప్పటిలాగే ఇవ్వలేనన్నాడు. మర్నాడు పొద్దున్న బోర్డు మీద పెద్ద అక్షరాలతో స్క్రూజ్ అని, దాని కింద అతని రోల్ నంబరు. ఎవరో నన్ను అడిగారు, నీ పట్టికలో దీనికి బాగా సరిపోయే మాట ఏది అని. నేను ఆలోచించకుండా స్కిన్‌ఫ్లింట్ అన్నాను. ఒకడు వెంటనే రాయి బొమ్మ గీసి, దానికి తోలు ఒలుస్తున్న చెయ్యి గీశాడు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. కొత్తగా వచ్చినదాన్ని కదా, నా మాటకు అంతమంది నవ్వడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు నేను ఆ తరగతిలో మనిషినయ్యాననిపించింది.

అతను బోర్డు చూశాడు. ఏమీ అనకుండా కూర్చున్నాడు. ఆ రోజు భోజన విరామంలో నేను లెక్క అడగడానికి వెళ్ళలేదు, సిగ్గేసి. మూడో రోజు వెళ్ళాను. ఎప్పటిలాగే చెప్పాడు.

జనవరిలో వాళ్ళ నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. వెళ్ళే ముందు వాళ్ళ అమ్మగారు మా ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడుతుంటే లోపలి గదిలోంచి విన్నాను. వాళ్ళ నాన్నగారు కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేని చోట రెండేళ్ళుగా ఉన్నారట. ఒక జీతం మీద రెండు ఇళ్ళు. ఊళ్ళో తాతగారికి పక్షవాతం, మందులు, ఆయన దగ్గర ఉండే మనిషికి జీతం. ఆవిడ ఇవేవీ కష్టాలుగా చెప్పలేదు. పప్పు ధర చెప్పినట్టు చెప్పింది. మా వాడు చాలా అర్థం చేసుకుంటాడండీ, ఏదీ అడగడు అంది.

మర్నాడు నేను క్షమించమని అడుగుదామని త్వరగా బడికి వెళ్ళాను. అతను రాలేదు. ముందురోజే టీసీ తీసుకున్నారట.

ఈ కథ విని మీరు, అయ్యో, కారణం తెలియక అన్నారు, పోనీలే అనొచ్చు. నా అభిప్రాయం అది కాదు. కారణం తెలిసి ఉండాల్సిందని కూడా నేననను. ఇంట్లో డబ్బు ఎంత ఉందో, ఎటు పోతుందో తోటి పిల్లలకు లెక్క చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. కారణం ఏమీ లేకపోయినా, అతనికి పార్టీ కన్నా పుస్తకం కొనుక్కోవడం ఇష్టమై డబ్బు దాచుకున్నా, మేము పెట్టిన పేరు తప్పే. ఎందుకు తప్పో చెప్పడానికి మళ్ళీ స్క్రూజ్ దగ్గరికే వెళ్ళాలి.

స్క్రూజ్ తన మీద తాను కూడా ఖర్చు పెట్టుకోడు. చీకటి ఇంట్లో ఉంటాడు, జావ తాగి పడుకుంటాడు. కానీ డికెన్స్‌కు అతని మీద కోపం అందుకు కాదు. అతని దగ్గర బాబ్ క్రాచిట్ అనే గుమాస్తా ఉంటాడు. వారానికి పదిహేను షిల్లింగుల జీతం. అప్పట్లో ఇరవై షిల్లింగులు ఒక పౌండు, అంటే పౌండు కూడా పూర్తిగా రాదు. పెద్ద సంసారం, జబ్బుతో ఉన్న చిన్న కొడుకు. గడ్డకట్టే చలిలో ఆ గుమాస్తా గదిలోని పొయ్యికి ఇంకొంచెం బొగ్గు వెయ్యడానికి కూడా స్క్రూజ్ ఒప్పుకోడు. బొగ్గుపెట్టె తన గదిలో పెట్టుకుంటాడు. పేదలకు సాయం అడగడానికి వచ్చినవాళ్ళను వెళ్ళగొడతాడు. అదీ అతని పిసినారితనం. జావ తాగడం కాదు, బొగ్గు ఆపడం. కథ చివర అతను మారినప్పుడు ముందుగా చేసేది కూడా అదే. క్రాచిట్ ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపుతాడు, జీతం పెంచుతాడు.

ఈ కథ రాసిన డికెన్స్ మనలాంటి పిల్లవాడే అని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఆయన తండ్రి బ్రిటిష్ నౌకాదళం జీతాల కార్యాలయంలో గుమాస్తా. ఆ ఉద్యోగం వల్ల కుటుంబం పోర్ట్స్‌మత్ నుంచి లండన్‌కు, అక్కణ్ణుంచి చాతమ్‌కు, మళ్ళీ లండన్‌కు మారింది. తండ్రి మంచివాడే, సరదా మనిషే, కానీ చేతిలో డబ్బు నిలిచేది కాదు. 1824లో అప్పు తీర్చలేక మార్షల్‌సీ అనే అప్పుల జైలుకు వెళ్ళాడు. పన్నెండేళ్ళ చార్లెస్ బడి మాని, బూట్ల పాలిష్ తయారుచేసే చోట డబ్బాలకు చీటీలు అంటించే పనిలో చేరాడు. పిసినారికి లోకమంతా వాడే పేరు పెట్టిన రచయిత, దుబారా చేసిన తండ్రి కొడుకు. అందుకే ఆయనకు తేడా తెలుసు. ఒక పైసా వెనకేసుకోవడం తప్పని ఆయన ఎక్కడా అనలేదు. పక్కవాడికి న్యాయంగా చెందాల్సిన వెచ్చదనాన్ని ఆపడం తప్పన్నాడు.

ఇప్పుడు మళ్ళీ నా పట్టిక చూడండి. పిడికిలి, నోట్ల చుట్ట, పైసా, రాయి. ఈ ఇంగ్లీషు మాటలన్నిటిలో ఒక మనిషి, అతని డబ్బు, అంతే. ఎదుట ఇంకో మనిషి లేడు. అందుకే పొదుపరికీ లోభికీ ఒకే మాట అతికించడం సులువు. మక్ఖీచూస్ కూడా అంతే. నేతిలో పడ్డ ఈగను పారేసే ముందు చప్పరించేవాడు. అసహ్యమే గానీ, దానివల్ల పక్కవాడికి నష్టమేమీ లేదు.

మా అమ్మమ్మ మాటలు వేరు. పిసినారిని ఆవిడ ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు అనేది. అన్నం తింటుంటే కాకి వచ్చి వాలింది. చెయ్యి విదిలిస్తే నాలుగు మెతుకులు రాలి కాకి తింటుందేమోనని తోలడు. ఇంకోటి, పిల్లికి బిచ్చం పెట్టనివాడు. ఈ రెండిట్లోనూ ఎదురుగా ఒక ప్రాణి ఉంది. ఆకలితో ఉంది. దానికి నాలుగు మెతుకులు పోతే ఇతనికి తరిగేదేమీ లేదు. అయినా పెట్టడు. పిసినారితనం అంటే అసలు అర్థం ఇదే అని నా అభిప్రాయం. మా భాష గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు, తెలుగులోనూ పిసినారి అనే మాటను మనం ఇష్టం వచ్చినట్టు విసురుతాం. కానీ కాకి, పిల్లి ఉన్న ఆ రెండు మాటలూ సరైన ప్రశ్న అడుగుతాయి. ఎవరి మెతుకు ఆపాడు?

‘అహ నా పెళ్ళంట’ సినిమా చూసినవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1987లో జంధ్యాల తీసిన ఆ సినిమాలో కోట శ్రీనివాసరావు గారి లక్ష్మీపతి పాత్ర ఉంటుంది. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తింటాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఆ దృశ్యం వస్తే నాన్న అన్నం తినడం ఆపి నవ్వుతారు. కానీ కథ నడిచేది కోడి వల్ల కాదు. తనకన్నా పెద్ద పిసినారి దొరికితేనే కూతురి పెళ్ళి చేస్తానంటాడు చూడండి, అక్కడ కథ నడుస్తుంది. కూతురి సంతోషం కూడా అతనికి ఖర్చు లెక్కే. అందుకే ఆయన్ను చూసి హాయిగా నవ్వొచ్చు. అతను నవ్వించాల్సిన మనిషే.

పొదుపు అంటే ఏమిటో మా అమ్మను చూపిస్తాను. మా ఇంట్లో ఏ అట్టపెట్టె కూడా బయటికి పోదు. టీవీది, మిక్సీది, ఫ్యాన్‌ది, అన్నీ విప్పి చదును చేసి మంచాల కింద పెడుతుంది. గోనెసంచులు, తాళ్ళు, పాత దుప్పట్లు కూడా. నాన్న పేరూ హోదా తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకుపెట్టెలు ఆరు. వాటి మీద పాత ఊళ్ళ పేర్లు కొట్టేసి కొత్త ఊళ్ళ పేర్లు. మీ ఇళ్ళలోనూ ఇంతే కదా. చుట్టుపక్కల వాళ్ళు మా ఇంటిని కబాడీ దుకాణం అని నవ్వేవాళ్ళు. ఒకసారి నా స్నేహితుల ముందు నేను కూడా, అమ్మా, ఎంత చీప్‌గా ఉంటావో అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. రెండు నెలల తర్వాత ఎదురింటి వాళ్ళకు వారం గడువుతో బదిలీ వచ్చింది. పెట్టెల కోసం వాళ్ళు ఊరంతా తిరిగి మా ఇంటికే వచ్చారు. అమ్మ మంచం కింద నుంచి పదకొండు పెట్టెలు తీసి ఇచ్చింది. గాజుసామాను ఎలా చుట్టాలో కూర్చుని చూపించింది. పైసా అడగలేదు. మనకు బదిలీ వస్తే ఎలా అని నేనడిగితే, అప్పటికి మళ్ళీ చేరతాయిలే అంది.

దాచడమూ అమ్మే, ఇవ్వడమూ అమ్మే. ఇందులో పిసినారితనం ఎక్కడుంది? నోటుపుస్తకాలు నాలుగూ తెచ్చి నా బల్ల మీద పెట్టిన ఆ అబ్బాయిలో ఎక్కడుంది? నిజానికి ఆ తరగతిలో పిసినారులు ఎవరంటే, నోట్సు రేపిస్తామని ఇవ్వనివాళ్ళు. పరీక్ష ముందు తెలిసిన ప్రశ్నను తెలియదని దాచినవాళ్ళు. వాళ్ళు పార్టీకి నూట యాభై ఇచ్చారు. సమోసాలు తినిపించారు. మన చేతికి ఎముక లేదని అందరూ మెచ్చుకున్నారు.

పెద్దవాళ్ళలోనూ ఇదే చూస్తున్నాను. మాల్‌లో ధర అడగకుండా కొనేవాళ్ళు, బండి మీద కూరగాయలమ్మే ఆవిడ దగ్గర ఐదు రూపాయలకు పావుగంట గీచి గీచి బేరమాడతారు. ఇంట్లో పనిచేసే ఆవిడకు నెల జీతం ఇవ్వడానికి పదో తేదీ దాటిస్తారు. వాళ్ళను ఎవరూ కంజూస్ అనరు. వాళ్ళ ఖర్చు కనిపిస్తుంది కాబట్టి. కనిపించే ఖర్చును ఉదారత అనుకోవడం, కనిపించని ఇవ్వడాన్ని గుర్తించకపోవడం, ఇవి రెండూ మన కళ్ళకున్న జబ్బు.

ఈ మాటలతో ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. ఒక మనిషిని వదిలి ఒక జాతి మొత్తానికి పిసినారి ముద్ర వెయ్యడం. ఇంగ్లీషు వాళ్ళు స్కాట్లాండ్ వాళ్ళ మీద ఇలాంటి హాస్యాలు లెక్కలేనన్ని చెప్పుకున్నారు. మన పెన్సిల్ పెట్టెల్లో ఉండే స్కాచ్ టేప్ పేరు వెనక కూడా అదే ఉందని చెప్పుకుంటారు. 1925లో అమెరికాలో త్రీఎం సంస్థలో పనిచేసే రిచర్డ్ డ్రూ అనే యువకుడు కార్లకు రంగులేసేవాళ్ళ కోసం ఒక టేపు తయారుచేశాడు. మొదటి నమూనాకు అంచుల్లోనే జిగురు ఉందట. అది ఊడిపోతుంటే విసుగెత్తిన పెయింటర్, దీన్ని మీ స్కాచ్ యజమానుల దగ్గరికి తీసుకెళ్ళి ఇంకాస్త జిగురు రాయమను అన్నాడట. ఆ వెక్కిరింతే పేరైంది. డోనాల్డ్ డక్ కథల్లో డబ్బు గుట్టల్లో ఈదే స్క్రూజ్ మెక్‌డక్ మామ కూడా స్కాట్లాండ్ వాడే. 1947లో కార్ల్ బార్క్స్ అతన్ని సృష్టించాడు. సరే, నవ్వుకున్నాం. కానీ ఆ స్కాట్లాండ్‌లోనే నేతపనివాడి కొడుకుగా పుట్టిన ఆండ్రూ కార్నెగీ తన డబ్బుతో ప్రపంచంలో 2,500కు పైగా గ్రంథాలయాలు కట్టించాడు. ఏ హాస్యంలో ఆ మాట వినిపిస్తుంది?

స్కాట్లాండ్ వాళ్ళకు ఆ హాస్యాల వల్ల పెద్ద నష్టం జరగలేదు. యూదులకు జరిగింది. వాళ్ళ జాతి పేరునే గీచి బేరమాడడం అనే అర్థంలో ఇంగ్లీషులో వాడేవారు. ఇప్పుడు నిఘంటువులు ఆ వాడుకను అవమానకరమైనదిగా గుర్తిస్తున్నాయి. వడ్డీలతో బతికేవాళ్ళు, డబ్బు మనుషులు అని వందల ఏళ్ళు వేసిన ముద్రను నాజీలు ఎలా వాడుకున్నారో తొమ్మిదో తరగతి చరిత్రలో చదివాం. ఒక వెక్కిరింత వల్లే అదంతా జరిగిందని నేననను. కానీ ఒక జాతి మొత్తం ఇంతే అని నవ్వడం అలవాటైనవాళ్ళకు, తర్వాత వచ్చిన పెద్ద అబద్ధాలు నమ్మడం సులువైంది.

మన దగ్గర లేదా? ఏ రాష్ట్రంలో చదివితే ఆ రాష్ట్రంలో ఒక కులాన్నో, ఒక వ్యాపార సముదాయాన్నో, పక్క రాష్ట్రం వాళ్ళనో చూపించి వాళ్ళంతా కంజూస్‌లు అని చెప్పినవాళ్ళు ఉన్నారు. ఆ పేర్లు ఇక్కడ రాయను, మీకు తెలుసు. మన తరగతుల్లో పక్క బెంచీలో కూర్చునేది ఆ రాష్ట్రాల వాళ్ళే, ఆ సముదాయాల వాళ్ళే. ఈ మాట ఎంత అబద్ధమో దేశంలో అందరికన్నా మనకు బాగా తెలియాలి. ఎందుకంటే మనం ఆ ఊళ్ళన్నిటిలో అన్నం తిన్నాం.

ఇంతకీ నవ్వొద్దంటావా అని మీరడగొచ్చు. అననే అనను. ఈ మాటలు నాకిప్పటికీ ఇష్టం. చెకుముకి రాయికి తోలు ఒలవడం అనే ఊహ ఎంత బాగుందో. నిజమైన స్క్రూజ్‌లు ఉన్నారు, వాళ్ళకు ఆ పేరు ఉండాల్సిందే. జీతం ఎగ్గొట్టేవాళ్ళను, ఇవ్వగలిగి ఇవ్వనివాళ్ళను వెక్కిరించే హక్కు లోకానికి ఉండాలి. నేను కోరేది ఒక్కటే, ఆ మాట నోట్లోంచి రాకముందు ఒక్క ప్రశ్న. ఇతను ఎవరికి చెందాల్సింది ఆపాడు? జవాబు ఉంటే అనండి. జవాబు లేకపోతే, అతను తన డబ్బు తన దగ్గర ఉంచుకున్నాడంతే. అది అతని ఇష్టం.

ఇంకో చిన్న పని కూడా చెయ్యొచ్చు. తరగతిలో డబ్బు పోగుచేసేటప్పుడు ఎవరెంత ఇచ్చారో బోర్డు మీద రాయకుండా ఒక డబ్బా పెడితే చాలు. ఇవ్వగలిగినవాళ్ళు వేస్తారు. ఇవ్వనివాళ్ళు పార్టీలో కుర్చీలు సర్దుతారు. ఇప్పుడు మా తరగతిలో అలాగే చేస్తున్నాం. పార్టీ ఏమీ తగ్గలేదు.

చివరిగా మనకు మాత్రమే వర్తించే మాట ఒకటి. ఒకే ఊళ్ళో పుట్టి పెరిగే పిల్లలు ఈ రోజు గొడవపడితే వచ్చే ఏడాదైనా సర్దుకుంటారు. పండక్కో, పెళ్ళిలోనో ఎదురుపడతారు. మనకు అలా కాదు. మన స్నేహితుడికి వారం గడువుతో ఆర్డరు వస్తుంది, మర్నాడు అతని బెంచీ ఖాళీ అవుతుంది. అతని ఫోను నంబరు మారుతుంది, క్వార్టర్‌లో వేరేవాళ్ళు దిగుతారు. చెప్పాల్సిన మాట మన దగ్గరే ఉండిపోతుంది. నా దగ్గర రెండేళ్ళుగా ఉంది. అతని లెక్కల నోట్సు చూసి రాసుకున్న నా పుస్తకం ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది, కానీ అతను ఏ ఊళ్ళో చదువుతున్నాడో నాకు తెలియదు.

మీ తరగతిలో మీరు కంజూస్ అని పేరు పెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ టీసీ రాకముందే వెళ్ళి మాట్లాడండి. క్షమించమని ఒక మాట అనడానికి పైసా ఖర్చు లేదు. దాని దగ్గర మాత్రం మనం పిసినారితనం చూపించొద్దు.